నొప్పి రద్దు పథకం

నెలాఖరులోగా నొప్పిని రద్దు చేస్తున్నట్టు మంత్రిగారు నిండు సభలో ప్రకటించారు.

చప్పట్లు మోగాయి. మోగక చస్తాయా? చప్పట్లు కొట్టేవాళ్లను నీడలోనూ కొట్టనివాళ్లను ఎండలోనూ కూర్చోబెట్టడం మంత్రిగారి సభల్లో పద్ధతి. వేదిక పక్కన మీటల పెట్టె ముందేసుకుని కూర్చున్న మైకుసెట్టాయన మాత్రం చప్పట్లు కొట్టలేదు. ఆయన ఒక చెయ్యి సౌండు మీట మీద ఉంది. రెండో చేత్తో కళ్లు తుడుచుకుంటున్నాడు.

ఊరంతా ఆయన్ని హలోగారు అంటారు. జన్మంతా "హలో, హలో" అంటూ మైకులు పరీక్షించిన మనిషిని మరేమంటారు? మంత్రిగారు వార్డు మెంబరుగా ఉన్న రోజుల నుంచీ సభలన్నిటికీ మైకు ఈయనదే. మంత్రిగారు ఎక్కడ దగ్గుతారో, ఎక్కడ గొంతు గద్గదం చేసుకుంటారో, ఎక్కడ కళ్లజోడు తీసి తుడుచుకుంటారో హలోగారికి కంఠతా వచ్చు. దానికి తగ్గట్టు సౌండు ముందే పెంచీ తగ్గించీ సిద్ధంగా ఉంటాడు. ఇన్నేళ్లలో ఆ ప్రసంగాలకు ఆయన చలించిన పాపాన పోలేదు. ఇదే మొదటిసారి.

కారణం ఇంట్లో మంచం మీద ఉంది. హలోగారి భార్య బళ్లో లెక్కలు చెప్పిన టీచరమ్మ. ఆవిడ గొంతెత్తితే పక్క తరగతి పిల్లలు కూడా ఎక్కాలు అప్పజెప్పేవాళ్లు. అలాంటి మనిషికి పెద్ద జబ్బు చేసింది. పెద్ద వైద్యం జరిగింది. జబ్బు పోయింది గానీ దాని వెంట వచ్చిన నొప్పీ వికారమూ ఇల్లు ఖాళీ చెయ్యలేదు. ఒళ్లంతా సలుపు. ముద్ద నోటి దాకా వెళ్తే చాలు, కడుపులో దేవుతుంది. వంటింట్లో పొయ్యి వెలిగిస్తే ముందుగదిలో ఆవిడ వాంతికని మూతడబ్బా ఒళ్లో పెట్టుకుని కూర్చుంటుంది. అందుకని హలోగారు తన తిండేదో బయట కొనుక్కుని, మెట్ల మీద కూర్చుని తిని, నోరు కడుక్కుని లోపలికొస్తాడు. ఒకే కంచంలో తిన్న రోజులున్నాయి వాళ్లకు.

"ఉన్న మందులన్నీ వాడేశాం బాబాయ్‌గారూ," అంది ఆస్పత్రి డాక్టరమ్మ. "గంజాయి మొక్క నుంచి తీసిన చుక్కల మందు ఒకటుంది. అందరికీ పడుతుందని చెప్పలేను. కొందరికి మాత్రం నొప్పి తగ్గుతోంది, వికారం తగ్గి ముద్ద దిగుతోంది. ప్రభుత్వం ఒప్పుకుంటే ఈ క్షణం రాసిస్తాను. ఒప్పుకోకుండా రాశానంటే నన్ను లోపలేస్తారు."

సరిగ్గా ఆ మందే ఇప్పుడు వేదిక మీద మంత్రిగారి చేతిలో ఉంది. పైదేశం నుంచి నమూనాగా వచ్చిన ఒకే ఒక్క సీసా. మంత్రిగారు మూత తీసి పైకెత్తారు. పచ్చి ఆకు నలిపినట్టు ఘాటైన వాసన వచ్చి హలోగారి ముక్కుకు తగిలింది.

"ఈ సీసా చూశారా? ఇది సీసా కాదు!" అన్నారు మంత్రిగారు.

మళ్లీ చప్పట్లు. సీసా కాకపోతే మరేమిటో ఆయన చెప్పలేదు, ఎవరూ అడగలేదు.

మంత్రిగారికి నొప్పి సంగతి తెలియదని అనడానికి వీల్లేదు. ఆయన నడుము ఎప్పుడో మొరాయించింది. వంగలేరు. అందుకే హలోగారు మైకు స్టాండును గడ్డం దాకా ఎత్తి, ఎంత ఎత్తాలో గుర్తుగా గొట్టానికి నల్లటేపు చుట్టుకున్నాడు. ఆయన ఎక్కడ కూర్చుంటే అక్కడ నడుం వెనక పెట్టడానికి పీఏ ఒక దిండు పట్టుకుని తిరుగుతాడు. వికారమంటూ సభల్లో భోజనం ముట్టరు. ప్రజల కోసం తిండి మానేసిన నాయకుడని పార్టీవాళ్లు గోడల మీద రాయించారు.

అయితే మంత్రిగారి చేతిలో శాఖలు రెండు. ఒకటి ఆరోగ్యం, రెండోది మత్తు నివారణ. పార్టీలో సమర్థులు కరువై రెండూ ఈయనకే అంటగట్టారు. ఒక్క మనిషే కాబట్టి పనులు చకచకా అయిపోతాయని జనం అనుకున్నారు. మంత్రిగారి నిజాయితీ ఎలాంటిదో జనానికి తెలియదు. ఆరోగ్యమంత్రి హోదాలో సీసాతో వేదిక దిగిన ఆయన, కారు దగ్గరికి రాగానే మత్తు నివారణ మంత్రి హోదాలో ఆ సీసాను స్వాధీనం చేసుకున్నారు. గంజాయి సరుకు కదా! కిందివాళ్లను నమ్మలేక స్వయంగా ఇంటికి తీసుకెళ్లి బీరువాలో పెట్టి తాళం వేసుకున్నారు. ఇంత బాధ్యతగా ఉండేవాళ్లు ఈ రోజుల్లో ఎంతమంది?

మర్నాడే హలోగారు టీచరమ్మను వెంటబెట్టుకుని మంత్రిగారి కార్యాలయానికి వెళ్లాడు. ఆ కార్యాలయం చూసి తీరాల్సిందే. మంత్రిగారి గది ఒక్కటే, దానికి తలుపులు రెండు. ఎడమ తలుపు మీద ఆరోగ్యం అనీ కుడి తలుపు మీద మత్తు నివారణ అనీ బోర్డులు. లోపల ఒకటే బల్ల, ఒకటే కుర్చీ, ఒకటే దిండు. ఎడమ నుంచి ఎవరైనా వస్తే మంత్రిగారు తెల్లకోటు తొడుక్కుంటారు. కుడి నుంచి వస్తే ఖాకీకోటు. కుర్చీ మటుకు ఎటు కావాలంటే అటు తిరిగే రకం.

వీళ్లు ఎడమ తలుపు తట్టారు.

"రావయ్యా హలో! చెల్లెమ్మేనా? కూర్చోమ్మా, కూర్చో," అన్నారు తెల్లకోటులో మంత్రిగారు.

"ముద్ద దిగడం లేదండీ ఈవిడకి," అన్నాడు హలోగారు.

మంత్రిగారి కళ్లు చెమర్చాయి. హలోగారి చెయ్యి అలవాటుగా సౌండు మీట కోసం గాలిలో తడుముకుంది.

"నాకు తెలుసమ్మా ఆ బాధ. నడుం పట్టేసిందంటే నాకు లోకం కనబడదు. వికారం మొదలైతే అమృతం పెట్టినా దిగదు. నీ నొప్పి నా నొప్పి చెల్లెమ్మా! మందు మంజూరు!"

టీచరమ్మకు ఆయన మీద నిజంగానే జాలి కలిగింది. జారిపోతున్న దిండును లేచి సర్దింది కూడా.

"మరి సీసా ఎప్పుడిస్తారు అన్నయ్యగారూ?"

"ఎప్పుడో ఏమిటి, ఇప్పుడే! మత్తు నివారణవాళ్ల అనుమతి ఒక్కటి తెచ్చుకోండి. పక్క తలుపే."

ఇద్దరూ వరండా చుట్టి కుడి తలుపు దగ్గరికి వచ్చేసరికి అక్కడ పీఏ నిలబడి ఉన్నాడు. జేబు మీద బ్యాడ్జి మారింది. కాస్త రొప్పుతున్నాడు.

"ఎవరు మీరు? ఏం పని?"

"ఇప్పుడే కదయ్యా మమ్మల్ని బయటికి సాగనంపావు!"

"అది ఆరోగ్యం పీఏ. అతనికీ నాకూ మాటల్లేవు."

లోపల మంత్రిగారు ఖాకీకోటులో నిప్పులు కురిపిస్తున్నారు.

"గంజాయి కావాలా? చూస్తే పెద్దమనుషుల్లా ఉన్నారే!"

"అదేమిటి అన్నయ్యగారూ, ఇప్పుడే కదా మంజూరు చేశారు?" అంది టీచరమ్మ.

"ఎవరు చేసింది?"

"మీరే."

"ఓహో, ఆరోగ్యమంత్రా?" మంత్రిగారు నిట్టూర్చారు. "ఆయన మెత్తటి మనిషమ్మా. ఎవరేడ్చినా కరిగిపోతాడు. నేను ఆయన మాటే వినను, ఇక మీ మాటేం వింటాను?"

"పోనీ మీరూ ఆయనా ఒక్కసారి కూర్చుని మాట్లాడుకోకూడదా?"

"మాట్లాడుకుంటే కుమ్మక్కయ్యారని ప్రతిపక్షం గోల చెయ్యదూ?" అన్నారు మంత్రిగారు. ఆ మాటకు పీఏ తల ఊపాడు. "నొప్పీ వికారమూ నిజమేనని వైద్యమండలి ఎదుట రుజువు చేసుకుని రండి. చూద్దాం."

వైద్యమండలివారు న్యాయంగానే మాట్లాడారు. వాంతి మండలి ఎదుట కావాలి. ఇంటి దగ్గర అయినవి చెల్లవు.

"డాక్టరమ్మ చెప్పింది చాలదా అండీ?" అని అడిగాడు హలోగారు.

"ఆవిడ రోజూ రోగులతో తిరిగే మనిషి. రోగుల పక్షమే మాట్లాడుతుంది," అన్నారు అధ్యక్షులవారు.

ఏం ఖర్మమో, పొద్దస్తమానం దేవే టీచరమ్మ కడుపు ఆ పూట ఉలుకూ పలుకూ లేకుండా ఉండిపోయింది. నడుమూ కాళ్లూ మాత్రం పీకేస్తున్నాయి. మండలిలో ఒకాయన వంగి కళ్లజోడు సవరించుకుని చూసి, "నొప్పి ఎక్కడా కనబడటం లేదే," అన్నాడు. అధ్యక్షులవారు గడియారం చూసుకుని లేవబోయారు. లేస్తే మళ్లీ ఎప్పుడు కూర్చుంటారో ఎవరికీ తెలియదు.

హలోగారు భార్య వంక చూశాడు. ఆవిడ ఆయన సంచి వంక చూసింది. ఇన్నేళ్ల కాపురంలో ఆ మాత్రం చూపు చాలు. సంచిలో టేపురికార్డరూ, ఆయన రికార్డు చేసుకున్న సభలన్నీ ఉన్నాయి. నొప్పి రద్దు ప్రకటన తీసి, సౌండు కాస్త పెంచి పెట్టాడు.

"ప్రియమైన నా ప్రజలారా! మీ కన్నీళ్లు నా కన్నీళ్లు! మీ నడుము నా నడుము!"

ప్రసంగం సీసా మాట దాకా వెళ్లనే లేదు. టీచరమ్మ డబ్బా అందుకుంది. మండలిలో కళ్లజోడాయన కూడా నోటికి రుమాలు అడ్డం పెట్టుకుని వరండాలోకి పరిగెత్తాడు.

"రుజువైంది!" అన్నారు అధ్యక్షులవారు సంబరంగా. అంతలోనే ఆయన ముఖం మాడిపోయింది. "కారణం ఏమని రాద్దాం? ప్రసంగం అని రాస్తే రేపటి నుంచి మనం ఇంట్లోనే."

తర్జనభర్జనలు పడి, చివరికి కారణం దగ్గర ఆనందం అని రాశారు.

"నిన్ను ఇంత బాధపెట్టానే," అన్నాడు హలోగారు బయటికొచ్చాక.

"పోనిద్దురూ. ఇన్నాళ్లకి ఆయన ప్రసంగం ఒకళ్లకి పనికొచ్చింది," అంది టీచరమ్మ మూతి తుడుచుకుంటూ.

మండలి కాగితం చేరాక, మందు పంచడానికని ఉపశమన కేంద్రం పెట్టారు. ప్రారంభోత్సవం ఘనంగా జరిగింది. గోడలకు కొత్త రంగు, గుమ్మానికి రిబ్బను, లోపల ఖాళీ అరలు. మంత్రిగారు తెల్లకోటులో వచ్చి, తొలి లబ్ధిదారు అయిన టీచరమ్మ చేతిలో సీసా పెట్టారు. చప్పట్లు మోగాయి. ఫొటోలు తీశారు. వాసనేమీ రాలేదేమిటా అని హలోగారికి అనుమానం వచ్చింది గానీ, జలుబు చేసిందేమోలే అనుకున్నాడు. భార్య ఆ సీసాను గుండెకు హత్తుకుంది. ఆవిడ ముఖంలో అలాంటి వెలుగు చూసి ఎంత కాలమైందో! ఇవాళ ఇంట్లో పొయ్యి వెలిగించాలి, ఇద్దరం ఒకచోట కూర్చుని ఒక్క ముద్దయినా తినాలి అనుకున్నాడు. 

ఈలోగా మంత్రిగారు వేదిక ఆ చివరికి వెళ్లారు. పీఏ కోటు మార్చాడు. మంత్రిగారు గిర్రున తిరిగొచ్చారు.

"ఆగమ్మా! చేతిలో ఏమిటది?"

"మీరిచ్చిన సీసాయే అన్నయ్యగారూ!"

"బహిరంగంగా గంజాయి మందు పట్టుకుని, పైగా మంత్రి మీద నెపమా?"

సీసా లాక్కున్నారు. మళ్లీ ఫొటోలు తీశారు. ఇందాక కొట్టినవాళ్లే మళ్లీ చప్పట్లు కొట్టారు. టీచరమ్మ లేవలేకపోతోందని మర్యాదగా కుర్చీలోనే అరెస్టు చేశారు. మర్నాడు పేపర్లో ఒకవైపు తొలి లబ్ధిదారుకు మందు అనీ, మరోవైపు గంజాయితో పట్టుబడ్డ మహిళ అనీ ఆవిడ ఫొటో రెండు చోట్లా వచ్చింది. రెండో ఫొటోలోనే కాస్త బాగుంది.

అదృష్టవశాత్తూ మన ప్రయోగశాల నిక్కచ్చి అయినది. సీసాలో ఉన్నది ఉత్త వంటనూనె అనీ, మత్తు పదార్థం చుక్క కూడా లేదనీ తేల్చింది. కేసు కొట్టేశారు. తన హయాంలో నిరపరాధికి శిక్ష పడదని మత్తు నివారణ మంత్రిగారు ప్రకటించారు. ఆయన్ని ఆరోగ్యమంత్రిగారు అభినందించారు. సీసాను పీఏ స్వయంగా ఇంటికి తెచ్చి అప్పగించాడు.

"మరి ఆ మొదటి సీసా ఏదయ్యా?" అని అడిగాడు హలోగారు.

"అది స్వాధీనంలో ఉందండీ. చాలా భద్రంగా ఉంది," అన్నాడు పీఏ.

టీచరమ్మ నూనె సీసాను భర్తకిచ్చింది. "తలుపు బందులకి వెయ్యండి. మూలుగుతున్నాయి. వాటికైనా ఉపశమనం దొరుకుతుంది."

ఆయన వేశాడు. తలుపు మూలగడం మానేసింది. ఆవిడ గోడవైపు తిరిగి పడుకుంది. భుజాలు కదులుతుంటే ఏడుస్తోందని తెలిసింది. ఆ పూట హలోగారు మెట్ల మీద పొట్లం విప్పుకున్నాడు గానీ ఆయనకూ ముద్ద దిగలేదు.

నెలాఖరుకు విజయోత్సవ సభ పెట్టారు. తొలి లబ్ధిదారూ, నిర్దోషీ ఒక్కరే కావడంతో టీచరమ్మకు ఒకే శాలువాతో రెండు సన్మానాలూ కలిసొచ్చాయి. డబ్బా ఒళ్లో పెట్టుకుని ఆవిడ ముందు వరసలో కూర్చుంది. హలోగారు మామూలుగా స్టాండును నల్లటేపు దాకా ఎత్తి బిగించాడు.

మంత్రిగారు వచ్చారు. మెట్లు ఎవరి చెయ్యీ పట్టుకోకుండా ఎగిరినట్టు ఎక్కారు. వెనక పీఏ చేతులు ఖాళీగా ఉన్నాయి. వాటిని ఎక్కడ పెట్టుకోవాలో తెలియక వెనక్కి కట్టుకున్నాడు.

"ఇంతెత్తు ఎందుకయ్యా హలో? దించు, దించు!" అన్నారు మంత్రిగారు. పూలగుత్తిలోంచి ఒక పువ్వు జారి కింద పడితే నడుం దాకా వంగి, తీసి, వాసన చూసి, తాపీగా నిటారుగా నిలబడ్డారు.

"నొప్పి ఎక్కడుంది? మనసులో ఉంది! సంకల్పం ఉంటే ఎలాంటి నొప్పయినా పారిపోతుంది. నన్ను చూడండి!"

అందరూ చూశారు. ప్రసంగం అయ్యాక వేదిక మీదికే భోజనం వచ్చింది. మంత్రిగారు కంచం ఖాళీ చేసి, మళ్లీ వడ్డించమని సైగ చేశారు. అది కూడా ఖాళీ చేసి వేళ్లు నాకారు.

హలోగారు మీటల పెట్టె వదిలేసి భార్య దగ్గరికి వచ్చాడు. "ఇంటికెళ్దామా?"

టీచరమ్మ మంత్రిగారి కంచం మీంచి చూపు మరల్చలేదు. భర్త చెయ్యి మటుకు గట్టిగా పట్టుకుంది.

"ఏమండీ, డాక్టరమ్మ నిజమే చెప్పింది," అంది. "ఆ మందు పనిచేస్తుంది."