సారు లేకుండా తొంభై ఎనిమిది

అయ్యలారా, అమ్మలారా! పిల్లలకి లెక్కలు నేర్పించడం శుద్ధ దండగ! తెగించే చెబుతున్నాను. నా మీద విరుచుకుపడే ముందు కాస్త ఓపిక పట్టండి.

ఒక ఇంజనీరు తయారవ్వాలంటే ఎంత తంటా! ఎక్కాలు వల్లె వేయించాలి. బతిమాలాలి, బెదిరించాలి, పొద్దున్నే లేపి కూర్చోబెట్టాలి. తీరా ఇంత చేశాక, "నేను గిటారు వాయించుకుంటా" అంటాడు సుపుత్రుడు! ఈ గోలంతా మనకి అవసరమా? ఎక్కడో దూరదేశంలో ఒక తల్లి తన పిల్లల్ని ఎలాగూ నిద్ర లేపి చదివిస్తూనే ఉంది. చదివించనివ్వండి, పాపం! పంట చేతికొచ్చాక వీసా ఇచ్చి మనం తెచ్చుకుందాం. కడుపులో చల్ల కదలకుండా ఇంజనీరు రెడీ!

ఇది గాలి మాట కాదు, మా ఊరి అనుభవం. మా నీళ్ళ ప్లాంటు నడిపే ఇంజనీరుది ఒక దేశం. ఆసుపత్రిలో ఎక్స్‌రే తీసే అమ్మాయిది ఇంకో దేశం. లిఫ్టు ఆగిపోతే వచ్చి బాగుచేసే ఆయనది మరో దేశం. ముగ్గురూ బంగారం లాంటి మనుషులు. మరి మా ఊరివాళ్ళం ఏం చేస్తామంటారా? లిఫ్టులో ఇరుక్కుని అరుస్తాం. ఆ విద్యలో మాత్రం మమ్మల్ని కొట్టేవాళ్ళు లేరు!

మా బడి కూడా ఈ విధానానికి తగ్గట్టుగా ఎదిగింది. లెక్కల సారు రిటైరయ్యారు, ఇంకొకరిని వేయలేదు. ఎందుకు వేయాలి? ఆ పీరియడ్‌లో ఆటల సారు వచ్చి "చప్పుడు చెయ్యకుండా కూర్చోండి" అంటారు. పిల్లలు కూర్చుంటారు. సైన్సు గదిలో మైక్రోస్కోపు కూడా ఉందండోయ్! పగిలిపోతుందేమోనని అద్దాల బీరువాలో పెట్టి తాళం వేశారు. ఇతర దేశాల పిల్లలు మైక్రోస్కోపులోంచి చూస్తారట. మావాళ్ళు మైక్రోస్కోపునే చూస్తారు. ఎంత శ్రద్ధగా చూస్తారంటే, ఆ బీరువా అద్దం నిండా ముక్కుల మరకలే.

మరి చెప్పని పాఠానికి మార్కులెలా వేస్తారని కదూ మీ అనుమానం? మా హెడ్మిస్ట్రెస్ గారి బుర్ర పాదరసం. లెక్కల పీరియడ్‌లో ఎవరు ఎన్నిసార్లు వచ్చి బుద్ధిగా కూర్చున్నారో చూసి, దాన్నిబట్టి మార్కులు వేసేశారు. పేపర్లు దిద్దే పని లేదు, తప్పారన్న ఏడుపు లేదు!

మా అక్క కూతురు ఏడో తరగతి. జ్వరమొచ్చినప్పుడు తప్ప బడి మానదు. దానికి లెక్కల్లో తొంభై ఎనిమిది! మా అక్క ఆనందం పట్టలేక వీధంతా స్వీట్లు పంచింది. పిల్లకి నీళ్ళ ఇంజనీరు కావాలని మహా కోరిక. ఎదురింట్లో ఉండే ఇంజనీరు గారు తన కూతురితో పాటు దీన్ని కూడా ఓసారి ప్లాంటుకి తీసుకెళ్ళి పంపులూ మీటర్లూ చూపించారు. అప్పట్నుంచీ ఇంట్లో అదే పాట.

ఆయన కూతురిదీ అదే క్లాసు. ఆ పిల్లకీ తొంభై ఎనిమిదే! అభినందిద్దామని స్వీట్ బాక్సు పట్టుకుని నేనే వెళ్ళాను. చూద్దును కదా, హాలు నిండా అట్టపెట్టెలు! ఆయన భార్య గ్లాసులకి పేపర్లు చుడుతోంది.

"ఏంటండీ, ఇల్లు మారుతున్నారా?" అన్నాను.

"దేశమే మారుతున్నామండీ. మా ఊరికి వెళ్ళిపోతున్నాం" అన్నారు ఇంజనీరు గారు.

"అదేంటి! అమ్మాయికి తొంభై ఎనిమిది వచ్చాయట కదా!"

"అందుకేనండీ! సారు లేకుండా తొంభై ఎనిమిది. ఇంకో ఏడాది ఉంటే నూటికి నూరు వచ్చేస్తాయేమో!"

ఎంత చాదస్తం చూశారా? ఒకే బడి, అవే మార్కులు. మా అక్క స్వీట్లు పంచితే ఈయన పెట్టెలు సర్దుతున్నాడు!

నేను ఊరుకుంటానా? నా సిద్ధాంతమంతా విడమరిచి చెప్పాను. ఆయన ఓపిగ్గా విన్నారు.

"చిన్నప్పుడు లెక్కలు పూర్తయ్యేదాకా మా అమ్మ నన్ను ఆటకి వదిలేది కాదండీ. అలా చదివాను కాబట్టే మీ ఊరు నన్ను పిలిచింది. రేపు నా కూతుర్ని ఎవరు పిలుస్తారు?"

స్వీట్ బాక్సు ఒక అట్టపెట్టె మీద పెట్టి వచ్చేశాను.

ఆయన వెళ్ళిన కొన్నాళ్ళకే మా కుళాయిలు దగ్గడం మొదలుపెట్టాయి. మున్సిపాలిటీ పెద్దలు సమావేశమయ్యారు. ఇంజనీరు ఎందుకు వెళ్ళిపోయాడు? బడి బాగోలేక. మరి ఏం చేద్దాం? మీలాంటి తొందరపాటు మనుషులైతే "లెక్కల సారుని వేయండి" అని ఉండేవాళ్ళు. మావాళ్ళు అంత తేలిగ్గా దొరుకుతారా? పేపర్లో ప్రకటన వేయించారు.

"నీళ్ళ ప్లాంటుకు ఇంజనీరు కావలెను. లెక్కలలో మంచి మార్కులు తప్పనిసరి. ఏ దేశమువారైనను దరఖాస్తు చేయవచ్చును. పిల్లలు లేనివారికి ప్రాధాన్యము."

ఆహా, ఏం తెలివి! ఇక బడి సంగతి అడిగేవాడే ఉండడు! నేను చప్పట్లు కొట్టబోతుంటే మేనకోడలు నా చేతిలోంచి పేపరు లాక్కుంది. పెదాలు కదుపుతూ రెండుసార్లు చదువుకుంది. దాని మొహం వెలిగిపోయింది.

"మామయ్యా! నాకు లెక్కల్లో తొంభై ఎనిమిది. పిల్లలు కూడా లేరు. పెద్దయ్యాక ఈ ఉద్యోగం నాకే కదా?"

అది నవ్వులాటకి అడగడం లేదు. నాకు ఏడుపొచ్చినంత పనైంది. నా సిద్ధాంతం నేనే మరిచిపోయి, "ముందు లెక్కలు రావాలి కదమ్మా" అనేశాను.

పిచ్చివాణ్ణి చూసినట్టు చూసింది నన్ను.

"వచ్చాయిగా మామయ్యా! అమ్మ స్వీట్లు కూడా పంచింది!"