జ్ఞానరత్నం జాడీ

బుధవారం పొద్దున్నే జ్ఞానరత్నం ఒక పెద్ద పింగాణీ జాడీని రెండు చేతులా పొదివి పట్టుకుని పక్క క్వార్టర్‌కు వచ్చాడు. అందులో ఉన్నది బీరు. మొలకెత్తించి దోరగా వేయించిన బార్లీతో, కలకత్తా నుంచి తెప్పించిన చేదు పూలతో కాచి పులియబెట్టిన తేలికపాటి ఇంగ్లీషు బీరు. ఆ విద్య నేర్పింది విల్‌మాట్ దొర. జ్ఞానరత్నం ఫైర్‌మన్‌గా బొగ్గు వేసిన పదకొండేళ్ళూ ఇంజను నడిపింది ఆయనే. ఆదివారం ఆ దొర ఈ ఓల్డ్ సెటిల్‌మెంట్ రైల్వే కాలనీ వదిలి ఆస్ట్రేలియా వెళ్ళిపోతున్నాడు. శనివారం సాయంత్రం తన చేతి బీరు ఒక్క గ్లాసైనా పోసి సాగనంపాలని జ్ఞానరత్నం కోరిక. రమ్మని దొరను ముందే పిలిచాడు.

ఈలోగా కటక్‌లో కూతురిని చూసి రావాలి. అతని రేకుల వంటగది ఎండకు ఉడికిపోతుంది. ఈ పక్కింటి సరోజమ్మ వెనకగది చల్లన. అయితే ఆమె మామగారు నగరేశ్వరరావు భజన మండలి పెద్ద. కల్లు మాట ఎత్తితేనే మండిపడతారు. అందుకని బీరు అనడానికి జ్ఞానరత్నానికి నోరు రాలేదు.

"ఏటన్నయ్యా అది?" అంది సరోజమ్మ.

"బార్లీ నీళ్ళు సెల్లెమ్మా. పులవబెట్టినాను. ఒంటికి సలవ. శనివారం దాకా జాగర్తగా సూడు."

"ఠీక్ హై. నేను సూసుకుంటాను గదా, నిశ్చింతగా ఎల్లిరా."

చూసుకోవడమే కొంప ముంచింది. మధ్యాహ్నం మూత తీసి వాసన చూసింది. పుల్లగా ఉంది. "ఓస్, తరవాణే!" అనుకుంది. పులిసిన గంజినీళ్ళ సంగతి ఆమెకు పుట్టింటి నుంచీ తెలుసు. ఎండల్లో తరవాణి అడిగినవాళ్ళకు లేదనకూడదు. తీసినంత గంజి మళ్ళీ పోయాలి. కుండ ఎండకూడదు.

మొదటి గ్లాసు మామగారికే ఇచ్చింది.

"కాస్త సేదుగా ఉందే, కోడలా. కానీ ఒళ్ళు తేలికైనట్టుంది. ఇంకోటి పొయ్యి."

ఆ సాయంత్రం ఆయన అరుగు మీద కూర్చుని, ఎవరూ అడగకుండానే నాలుగు కీర్తనలు పాడారు. చలవ చేసిందని సంతోషించి సరోజమ్మ జాడీలో గంజి పోసింది. గురువారం పాయింట్స్‌మన్ నూకరాజు మంచినీళ్ళు అడిగితే తరవాణి ఇచ్చింది. అతను ఊరుకోలేదు, వీధంతా చెప్పాడు. గంట తిరక్కుండా గుమ్మం ముందు చెంబులు బారులు తీరాయి. ఎదురింటి బెంగాలీ దీదీ రెండుసార్లు వచ్చింది. పోసిన కొద్దీ గంజి, గంజికి సరిపడా ఉప్పు, ఆపైన నిమ్మాకులు.

శనివారం సాయంత్రం రైలు దిగి వచ్చిన జ్ఞానరత్నం ఒక్క గరిటెడు రుచి చూసి కూలబడ్డాడు.

"ఏటి సేసినావు సెల్లెమ్మా!"

"ఒక్క బొట్టు తగ్గనివ్వలేదన్నయ్యా. ఊరందరికీ పోసినాను, తీసినంతా గంజి నింపినాను."

"అది బీరమ్మా!"

సరోజమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. "అయ్యో, మా మామగారు రోజూ రెండు పూటలా తాగినారు!"

"ఆయనకి సెప్పకు తల్లీ. మా దొరకి నేనేటి పొయ్యాలి? రేపు ఎల్లిపోతే మళ్ళీ సూస్తానా?" జ్ఞానరత్నం గరిటె జాడీలో పడేశాడు.

అప్పటికే విల్‌మాట్ దొర గేటు తీస్తున్నాడు. వేరే దారి లేక జ్ఞానరత్నం గ్లాసు అందించాడు. దొర దాన్ని రెండు చేతులా అందుకున్నాడు.

"రత్నం, నీకెలా చెప్పాలో తెలీక వారం నుంచి తిండి సయించలేదు. డాక్టరు చుక్క ముట్టొద్దన్నాడు. నీ చేతిది వద్దనలేను. ఒక్క గుక్క తాగుతాను, ఏమైతే అదవుతుంది."

కళ్ళు మూసుకుని తాగాడు. కళ్ళు తెరిచాడు.

"ఇందులో బీరేదీ?"

"లేదు దొరా. గంజి."

విల్‌మాట్ దొర జ్ఞానరత్నాన్ని గట్టిగా వాటేసుకుని, తీరిగ్గా కూర్చుని మూడు గ్లాసులు తాగాడు.

దొర కోసం కాచిన బీరును దొర తప్ప వీధంతా తాగింది.