షక్కర్ దొరికిన చోటు

"మనుషులనే కాదు, మనుషుల పిల్లులను సైతం మా కమిటీ అనాథలుగా వదలదు!" అని బోధన్ పట్టణ సుందరీకరణ కమిటీ చైర్మన్ ఆత్మారాం గారు మైకులో ప్రకటించగానే మేమంతా చప్పట్లు కొట్టాం. ఆయన పిల్లికి బిచ్చం పెట్టడని గిట్టనివాళ్లు అంటుంటారు. ఆ రోజుతో వాళ్ల నోళ్లు మూతపడ్డాయి. హైదరాబాదు పత్రికకు వార్తలు పంపేవాణ్ని కనుక నేను ముందు వరసలో కూర్చుని ఇదంతా రాసుకున్నాను.

సంగతేమిటంటే, చెరుకు సీజనులో చక్కెర ఫ్యాక్టరీకి పోయే బండ్లు బజారులో ఇరుక్కుపోతున్నాయని, వంద అడుగుల రోడ్డు వెయ్యక తప్పదని చైర్మన్ గారు కనిపెట్టారు. రోడ్డుకు అడ్డమొచ్చే గల్లీని కూలగొట్టి, అందులోని నలభై రెండు కుటుంబాలను ఏడాదిపాటు గుడారాల్లో ఉంచి, కిందటి వారం ఊరవతల, చెరుకు తోటల పక్కన కొత్త కాలనీకి తరలించారు. కాలనీకి తన పేరు వద్దని ఆయన ఎంత మొత్తుకున్నా, బోర్డు ముందే రాయించి ఉండటం వల్ల ఆత్మారాం నగర్ అనక తప్పలేదు. ఆదివారం మంత్రి గారు వచ్చి ప్రారంభించాలి. ఆలోగా "కొత్త ఇంట్లో సుఖంగా ఉన్నాము" అనే కాగితం మీద అందరి వేలిముద్రలూ పడాలి. నలభై ఒకటి పడ్డాయి.

పడనిది రుఖయ్యా బీది. రజాయిలు కుట్టుకుని బతికే ముసలామె, ఒంటరి మనిషి. గుడారం నుంచి కొత్త ఇంటికి మారిన రోజే ఆమె పిల్లి షక్కర్ తప్పిపోయింది. బోధన్‌లో పుట్టిన పిల్లికి చక్కెర పేరు కాక ఇంకేం పెడతారు! పిల్లికి దారి గుర్తుండకూడదని గోనెసంచిలో వేసి, మూతి కట్టి, మూడు చుట్లు తిప్పి మరీ లారీ ఎక్కించారు. అంతా పద్ధతి ప్రకారమే జరిగింది. సంచి అడుగున చిరుగుందని ఎవరూ చూడలేదు.

"నా షక్కర్ కడుపుతోని ఉన్నది సాబ్. అది ఇంటికి రానిది, నేను సుఖంగున్ననని ఏలు ఎట్ల పెట్టాలె? అల్లా మాఫ్ చేస్తడా?" అన్నది రుఖయ్యా బీ.

"ఒక్క పిల్లి కోసం మినిస్టర్ ప్రోగ్రాం ఆపుతవా బీ?" అన్నారు చైర్మన్ గారు.

"ఒక్క పిల్లే సాబ్. ఇంట్ల ఉన్నది నేను, అది. ఇద్దరమే."

అందుకే ఆ ప్రకటన.

మర్నాడు రిక్షాకు మైకు కట్టి ఊరంతా తిప్పారు. "తెల్ల పిల్లి. ఎడమ చెవి చీలి ఉండును. గర్భవతి. ఆచూకీ తెలిపిన వారికి చైర్మన్ గారి చేతుల మీదుగా పూలదండ!" సాయంత్రానికి కమిటీ ఆఫీసులో పదకొండు పిల్లులు పోగయ్యాయి. ఒకదాన్ని పట్టుకుంటే చేతికి సున్నం అంటింది.

"ఇది నల్లది గదయ్యా!" అన్నాడు గుమస్తా బాపురావు.

"పొద్దుగాల నల్లగ ఉండె సార్. ఇప్పుడు తెల్లదే," అన్నాడు తెచ్చినవాడు నిజాయితీగా.

రుఖయ్యా బీ ఒక్కో పిల్లి ముందు కూర్చుని "షక్కర్, బేటా" అని పిలిచింది. ఏదీ పలకలేదు. ఒకటి రక్కింది. ఆమె కొంగుతో కళ్లు తుడుచుకుంది. చైర్మన్ గారిది జాలిగుండె, చూడలేకపోయారు. అప్పటికప్పుడు అత్యవసర సమావేశం పెట్టి, మూడో నంబరు పిల్లిని షక్కర్‌గా గుర్తిస్తూ ఏకగ్రీవంగా తీర్మానించారు. మూడో నంబరు మగపిల్లి అని తర్వాత తేలింది. సవరణ ద్వారా ఆ లోపాన్ని సరిదిద్దారు.

"మీరు తీర్మానం చేస్తే నా పిల్లి అయితదా సాబ్?" అన్నది రుఖయ్యా బీ. "కడుపుతోనున్న పిల్లి పాత జాగనే ఎతుక్కుంటది. నేను గా గల్లీకి పోయి సూస్త."

చైర్మన్ గారి ముఖం వాడిపోయింది. "గల్లీ యాడున్నది బీ? మొత్తం కూలగొట్టినం. సుట్టూ రేకులు కట్టినం. రోడ్డు పని నడుస్తున్నది. రాయో రప్పో మీద పడ్తె పాపం నాకు సుట్టుకుంటది."

ప్రజల ప్రాణాలంటే ఆయనకు అంత శ్రద్ధ. ఏడాదిగా ఆ రేకుల లోపలికి ఎవరినీ పోనివ్వలేదు.

రుఖయ్యా బీ చెప్పులేసుకుని నడక మొదలుపెట్టింది. వేలిముద్ర ఆమె వేలికే ఉంది కనుక ఆమె వెనక చైర్మన్ గారు, ఆయన వెనక కాగితం, ఇంకుప్యాడు పట్టుకుని బాపురావు, అతని వెనక నేను, నా వెనక పూలదండ ఆశించేవాళ్లు ఓ వంద మంది. పెళ్లి ఊరేగింపనుకుని దారిలో ఒక బ్యాండువాడు కూడా కలిశాడు. "రోడ్డు పని జరుగుచున్నది" అన్న బోర్డు దగ్గర ఆమె ఆగి గొంతెత్తింది.

"షక్కర్! బేటా!"

రేకుల వెనక నుంచి "మ్యావ్" అని వినిపించింది.

బాపురావు విశ్వాసపాత్రుడు. "దొర్కింది సార్, దొర్కింది!" అంటూ రేకు పట్టి గుంజాడు. "వద్దురా బాపూరావ్!" అని చైర్మన్ గారు అరిచేసరికే నాలుగు రేకులు కిందపడ్డాయి.

లోపల రెండంతస్తుల మేడ ఉంది. గేటుకు పాలరాతి పలక, దాని మీద "ఆత్మారాం నిలయం". రోడ్డు పక్కన ఇల్లు కట్టుకున్నవాళ్లను చాలామందిని చూశాను. రోడ్డు మధ్యలో కట్టుకునే గుండె నాయకుడికే ఉంటుంది.

రుఖయ్యా బీ ఎవరినీ అడగలేదు. గేటు దాటి, వరండా దాటి తిన్నగా వెనక వంటింట్లోకి పోయింది. కొత్త అలమార కింది అరలో షక్కర్ పడుకుని ఉంది. పొట్ట దగ్గర నాలుగు కూనలు పాలు తాగుతున్నాయి.

"గీడనే ఉండె నా పొయ్యి," అంటూ ఆమె నేల మీద చతికిలబడింది. "నా బిడ్డ తొవ్వ తప్పలేదు సాబ్. ఇంటికే వచ్చింది." పిల్లి ఆమె చెయ్యి నాకింది. ఆమె భోరున ఏడ్చింది.

బ్యాండువాడు వాయించడం ఆపాడు. చైర్మన్ గారు గొంతు సవరించుకున్నారు. "పిల్లి దొర్కింది గద బీ. ఇగ మాట మీద నిలబడు. ఏలు పెట్టు."

"పెడ్త సాబ్, ఎందుకు పెట్ట? పిల్లి దొర్కిందని కాయిదంల రాయుర్రి. యాడ దొర్కిందో గది గూడ రాయుర్రి. పెడ్త."

"రాయి బాపూరావ్, జల్ది," అన్నారు చైర్మన్ గారు.

రికార్డు తప్పితే ఒప్పుకోని మనిషి బాపురావు. కాగితం మోకాలి మీద పరుచుకుని, కలం మూత తీసి, వంద మంది వింటుండగా వినయంగా అడిగాడు.

"ఏమని రాయమంటరు సార్? మీ వంటింట్ల దొర్కిందని రాయాల్నా, వంద ఫీట్ల రోడ్డు మీద దొర్కిందని రాయాల్నా?"