సంచార కమాండు వాహనం, సుబ్బరావమ్మ మిరపకాయలు

నేరాలను అదుపు చేయడానికి మొట్టమొదట కావలసింది కూర్చోవడానికి ఒక చోటు. ఈ సత్యాన్ని నాగరిక ప్రపంచం ఎన్నడో గుర్తించింది. ఆ చోటుకు చక్రాలు కూడా ఉండాలని గుర్తించిన ఘనత మాత్రం వినుకొండ రోడ్డు మీదున్న మా ఊరి స్వచ్ఛంద పోలీసు దళానిదే.

దళమంటే మొదట్లో పెద్దగా ఏమీ కాదు. మిరపకాయలు కల్లాల్లో ఆరబోసే రోజుల్లో దొంగల బెడద పడలేక రైతులు కట్టుకున్న కాపలా జట్టు. మనిషికో కర్ర, ఒక టార్చిలైటు. వంతులవారీగా కల్లాల చుట్టూ తిరిగేవారు. పోయినేడు ఒక్క టిక్కీ కూడా పోలేదు. (టిక్కీ అంటే మా వైపు మిరపకాయల బస్తా. అది పోతే పోయేది బస్తా కాదు, ఏడాది.) ఆ విజయమే దళం కొంప ముంచింది. పని బాగా జరుగుతున్నట్టు పైవాళ్ళకు తెలిసింది. గుర్తింపు కార్డులు వచ్చాయి. కార్డులు వచ్చాక కన్వీనరు లేకుండా ఎలా? రిటైరైన హెడ్మాస్టరు లక్ష్మీనరసింహం గారిని ఎన్నుకున్నారు.

ఆయన పట్నంలో ఏదో అవగాహన సదస్సుకు వెళ్ళి, అక్కడ ప్రదర్శనకు పెట్టిన పోలీసు కమాండు వాహనంలో కాసేపు కూర్చున్నారు. లోపల ఏసీ ఉంది, కెమెరా బొమ్మలు కనపడే తెరలున్నాయి, తిరిగే కుర్చీ ఉంది. తిరిగొచ్చిన మనిషి వెళ్ళిన మనిషి కాదు.

"బాపయ్యా, ఇన్నాళ్ళూ నేరం జరిగే చోటికి మనం పోయాం. అది పాతకాలం పద్ధతి. ఇక మీదట నేరమే మన తెర మీదికి రావాలి" అన్నారు.

బాపయ్య మిరప రైతు, దళంలో మొదటినుంచీ ఉన్నవాడు. "రాకపోతే మాస్టారూ?"

"రాకపోతే నేరం లేనట్టే గదా!"

ఈ తర్కానికి ఎదురు చెప్పగలిగినవాడు మా ఊళ్ళో ఇంకా పుట్టలేదు. వెంటనే విరాళాల సేకరణ మొదలైంది. విరాళం పూర్తిగా స్వచ్ఛందం. (ఇవ్వనివారి పేర్లు మైకులో చదవడం కూడా పూర్తిగా స్వచ్ఛందమే.) ఇచ్చినదాన్ని బట్టి ఫ్లెక్సీలో ఫొటో సైజు ఉంటుందన్నారు. ఏమీ ఇవ్వకపోయినా కన్వీనరు గారి ఫొటో మధ్యలో నిలువెత్తున పడింది, అది హోదాను బట్టి. కల్లాల కాపలాలో ఉన్నవాళ్ళందరినీ వసూళ్ళ డ్యూటీకి మార్చారు.

సుబ్బరావమ్మ మొగుడు పోయాక కౌలుకు పొలం చేసుకుంటున్న మనిషి. బాపయ్యకు పిన్ని వరస. అతను వాకిట్లోకి రాగానే అడిగింది.

"ఏరా, కల్లాల కాడికి రావాల్సినోళ్ళు ఇళ్ళ కాడికి వస్తన్నారేందిరా?"

"బండి కోసం పిన్నీ."

"బండొస్తే నా కాయలు కాపలా కాసిద్దా?"

"కెమెరాలుంటయ్యంట" అన్నాడు బాపయ్య, ఆమె మొహం చూడకుండా. ఆమె లోపలికి పోయి ఒక టిక్కీ లాక్కొచ్చి అతని కాళ్ళ దగ్గర పడేసింది.

వాహనం వచ్చింది. అది చీరాలలో మూతపడిన ఓ కాన్వెంటు తాలూకు పాత వ్యాను. సెంటర్లో మెకానిక్కు ఖాదర్ వలి దాన్ని బాగు చేసి, తనే డ్రైవరయ్యాడు. పసుపు మీద నీలం రంగు వేశారు గానీ వెనక "పిల్లలున్నారు, జాగ్రత్త" అన్న అక్షరాలు ఎంత గీకినా పోలేదు. లోపల తెరలు, పైన సైరను, మధ్యలో తిరిగే కుర్చీ. కెమెరాలు కూడా బిగించారు. వాటి వైర్లు పొట్టివి కావడంతో అన్నీ వాహనాన్నే చూస్తూ ఉండిపోయాయి.

ప్రారంభోత్సవం కాగానే కల్లాల వైపు పోనివ్వమన్నారు కన్వీనరు గారు. ఖాదర్ వలి కల్లాలకు పోయే డొంకదారి మొదట్లో బండాపి దిగాడు.

"మాస్టారూ, ఈ డొంకలో ట్రాక్టరే ఒరుసుకుంటా పోయిద్ది. ఇది పోదు. పోయినా తిరిగి రాదు."

"సంచార వాహనమంటే సంచరించాలని కాదయ్యా. సంచరించగలిగినట్టు కనపడాలి, అంతే" అని ఆయన పంచాయతీ ఆఫీసు ముందు నిలపమన్నారు. ఆ వారంలోనే ఎవరో దాని అద్దం విప్పుకుపోయారు. ఇక బ్యాటరీ, ఆపైన డీజిలు పోతాయన్న అనుమానంతో దళం మొత్తాన్నీ వాహనం కాపలాకు వేశారు. ఒక ఊరి భద్రతకు వాహనం ఎంత అవసరమో, వాహనం భద్రతకు ఊరు అంతకన్నా అవసరమని అప్పుడే తేలింది.

దళం వాహనాన్ని కంటికి రెప్పలా కాస్తుండగా దొంగలు సుబ్బరావమ్మ కల్లాన్ని ఊడ్చుకుపోయారు.

పొద్దున్నే ఆమె వాహనం దగ్గరికి వచ్చింది. అరవలేదు. "కాయల కింద పరిచిన పట్టా కూడా వదల్లేదురా బాపయ్యా" అంది, అంతే. ఆమె గొంతు అంత నెమ్మదిగా ఉండగా అతనెప్పుడూ వినలేదు. డ్యూటీలో ఉన్నంతసేపూ అతను తెర మీద వాహనం టైరును చూస్తూ కూర్చున్నాడు.

కన్వీనరు గారు కుర్చీని ఆమె వైపు తిప్పారు. "చాలా విచారకరం సుబ్బరావమ్మా. కానీ నేరం మా పరిధి బయట జరిగింది. వాహనం చుట్టుపక్కల పూచికపుల్ల కూడా పోలేదు. మీరది గమనించాలి."

సుబ్బరావమ్మ గమనించింది.

మర్నాడు ఆఖరి కోత కాయలు ఆటోలో తెచ్చి, వాహనం చుట్టూ అరువు పట్టాలు పరిచి ఆరబోసింది. అది చూసి పక్క కల్లం వాళ్ళొచ్చారు. చూస్తుండగానే ఎర్రటి మిరపకాయల మధ్య నీలం వాహనం దీవిలా మిగిలింది. లోపల దళమంతా ఒకటే తుమ్ములు. ఊరి చందాలు మొదటిసారి ఊరికి పనికొచ్చింది ఆ రోజుల్లోనే.

ఇంతలో పైనుంచి తనిఖీ అధికారి వచ్చారు. దిగీ దిగగానే తుమ్మి, ప్రజల భాగస్వామ్యం బాగుందని మెచ్చుకున్నారు. ఇంతవరకూ ఒక్క ప్రమాదం కూడా చేయనందుకు ఖాదర్ వలికి సురక్షిత డ్రైవింగ్ ప్రశంసాపత్రం ఇచ్చారు. అయితే మిరపకాయల వల్ల ఫొటోలో వాహనం గాంభీర్యం దెబ్బతింటోందని, వాటిని తక్షణం తీయించమని చెప్పి వెళ్ళారు.

రైతులు కాయలు ఎత్తుకుని మళ్ళీ కల్లాలకు నడిచారు. బాపయ్య కర్ర తీసుకుని వాళ్ళ వెనకే బయల్దేరాడు.

"ఎక్కడికయ్యా? నీ డ్యూటీ ఇక్కడ గదా!" అన్నారు కన్వీనరు గారు.

"బండికేం మాస్టారూ, అదెక్కడికీ పోదుగా" అన్నాడు బాపయ్య.

ఆ వారమే ఇద్దరు దొంగలు మళ్ళీ వచ్చారు. బాపయ్య గావుకేక పెట్టాడు. చుట్టుపక్కల కల్లాలవాళ్ళు పరిగెత్తుకొచ్చి ఇద్దరినీ బస్తాలతో సహా పట్టుకున్నారు. సుబ్బరావమ్మ అప్పుడు ఏడ్చింది, బాపయ్య చెయ్యి పట్టుకుని, కాయలు పోయిన రోజున ఏడవాల్సినదంతా.

దళం అత్యవసరంగా సమావేశమైంది. దొంగతనం వాహనం పరిధిలో జరగలేదు కాబట్టి జరగనట్టేనని తీర్మానించారు. దొంగలు తెర మీద కనపడలేదు కాబట్టి దొరకనట్టేనని కూడా తీర్మానించారు. ఇక మిగిలిన నేరం ఒక్కటే. అనుమతి లేకుండా ఊరిని కాపలా కాసినందుకు బాపయ్యను దళం నుంచి తొలగించారు.