కట్టేసిన బజారు

సోమవారం పొద్దున్నే మధుకర్ రాయదుర్గం బజారులో రోడ్డుకు అడ్డంగా తెల్ల గీతలు వేయించాలి. అవి ఆరాక, పది గంటలకు పెద్ద ఇంజనీరు రామబ్రహ్మంగారు వచ్చి చూస్తారు. అనుకున్నది అంతే.

కొండ అవతల గుండ్రటి కొత్త టవర్ తెరిచినప్పటి నుంచి ఆ బజారులో మనిషి రోడ్డు దాటడం గగనమైపోయింది. గాజుల కొట్టు నుంచి ఎదురుగా ఉన్న చీరల కొట్టుకు వెళ్ళాలంటే ఆటో మాట్లాడుకున్నవాళ్ళు కూడా ఉన్నారు. రామబ్రహ్మంగారి మందు ఒకటే: ఫుట్‌పాత్ కొట్టేసి రోడ్డు వెడల్పు చేయడం. నడిచేవాళ్ళకు దారి ఇస్తే బజారే బాగుపడుతుందని జూనియర్ ఇంజనీరు మధుకర్ వాదించాడు. "మనవాళ్ళు గీత ముందు బండి ఆపుతారటయ్యా? సోమవారం చూపించు. ఆపితే ఫుట్‌పాత్ ఉంటుంది, లేకపోతే మంగళవారం గునపాలు దిగుతాయి" అన్నారు ఆయన.

ఫుట్‌పాత్ పోతే నీలమ్మ పూల గంప పోతుంది. పదహారేళ్ళుగా ఆమె కూర్చునే చోటు అది. మధుకర్ భార్య రోహిణి తెనాలి నుంచి కాపురానికి వచ్చి నలభై రోజులైంది. ఎస్టీడీ బూతు మీద కిరాయి గది, రెండు టీ గ్లాసులు, ఒక కిరసనాయిలు స్టవ్వు, సాయంత్రం నీలమ్మ మూర కొలిచి పైన జానెడు కొసరు వేసే మల్లెపూలు. రోహిణికి లోకంలో ఇంకేమీ అక్కర్లేదు. ఆ కొసరు కోసమైనా ఫుట్‌పాత్ నిలబడాలని ఆమె గట్టిగా కోరుకుంది.

ఆదివారం సాయంత్రం మధుకర్ రంగు డబ్బాల కోసం వెళ్తూ, రేపు పొద్దున బజారు బంద్ అని చీరల కొట్టు వాచ్‌మన్ కొమురయ్యకు చెప్పమని రోహిణితో అన్నాడు. కొమురయ్యకు చెబితే బజారంతటికీ చెప్పినట్టే. అయితే తెనాలిలో బంద్ అంటే పార్టీలవాళ్ళు వచ్చి అద్దాలు పగలగొట్టే రోజు. పెద్దాయన కంగారుపడతాడేమోనని రోహిణి ఆ మాటను తన ఊరి తెలుగులోకి మార్చి చెప్పింది. ఆమె పుట్టింట్లో ఆపడమంటే కట్టేయడమే: లైటు కట్టేస్తారు, పంపు కట్టేస్తారు, ఫ్యాను కట్టేస్తారు.

"రేపు పొద్దున్నే మావారు వచ్చి బజారు కట్టేస్తారండి. అడ్డంగా తెల్ల గీతలు గీస్తారు. గీశాక ఎవరూ దాటకూడదు."

కొమురయ్య చేతిలో బీడీ ఆగింది. "సారు కట్టేస్తడా? సారుకు గీ పని కూడ వస్తదా, అమ్మా?"

"ఆయన చదివిందే అది కదండీ."

"దాటితే ఏమైతది?"

"కాళ్ళకి అంటుకుంటుంది" అంది రోహిణి. "ఎంత కడిగినా పోదు."

కొమురయ్య ఊళ్ళో కట్టు వేయడమంటే మంత్రించి పొలిమేర బిగించడం. అంటుకునేది ఏమిటో అడిగే ధైర్యం అతనికి లేకపోయింది. చీకటి పడకముందే బజారులో ప్రతి కొట్టుకూ కబురు చేరింది, ఆటో అడ్డాకూ బస్టాపుకూ కూడా.

తెల్లవారింది గానీ వెలుగు రాలేదు. రాళ్ళ గుట్టల మీద నుంచి పొగమంచు దిగి బజారును నింపేసింది. టవర్ కనిపించడం లేదు, దాని పైనున్న ఎర్ర దీపం మాత్రం ఆకాశంలో ఒంటికన్నులా తెరుచుకుని ఉంది. మధుకర్ నాలుగు మూలలా నాలుగు రాళ్ళు పెట్టి, బండ్లవాళ్ళకు తెలియడానికి ఎర్ర గుడ్డలు కట్టాడు. రంగులు వేసే పెంటయ్య వంగి, వెనక్కి నడుస్తూ, లెక్క తప్పకుండా ఒకటి, రెండు, మూడు అని గొణుక్కుంటూ గీతలు గీశాడు. తలుపు సందుల్లోంచి చూస్తున్నవాళ్ళకు గొణుగుడు వినిపించింది గానీ అంకెలు వినిపించలేదు.

పెంటయ్య వెళ్ళిపోయాడు. మధుకర్ టీ తాగి వచ్చేసరికి ఒక్కో రాయి దగ్గర ఒక్కో నిమ్మకాయ, చుట్టూ కుంకుమ. చుట్టుపక్కల ఎవరూ లేరు. ఎవరో బేరం చేసి మరిచిపోయి ఉంటారని సర్దిచెప్పుకున్నాడు. పులిహోరకు నిమ్మకాయ తెమ్మని రోహిణి చెప్పిన మాట గుర్తొచ్చి, ఒకటి తీసి జేబులో వేసుకున్నాడు.

ఎక్కడో ఒక తలుపు ధడాలున మూసుకుంది. ఆ నిమ్మకాయను ముట్టుకుని కూడా నిలబడ్డవాడంటే కట్టు మామూలుది కాదని బజారుకు రూఢి అయింది.

తొమ్మిదిన్నరకు మొదటి ఆటో వచ్చింది. గీతలకు పది గజాల ఇవతల ఆగిపోయింది. దాని వెనక ఇంకొకటి, ఆ వెనక సిటీ బస్సు. ఒక్కరూ హారన్ కొట్టలేదు. ఒక్కొక్కటిగా ఇంజన్లు ఆగిపోయాయి. అటువైపు లారీలూ అంతే. రాయదుర్గం బజారులో మొదటిసారిగా గాజుల కొట్టులో వేలాడే గాజులు ఒకదానికొకటి తగిలే చప్పుడు వినిపించింది. కొట్లన్నీ తెరిచే ఉన్నాయి, లోపల మనుషులూ ఉన్నారు, ఎవరూ మాట్లాడడం లేదు. రెండు ఫుట్‌పాత్‌ల మీదా జనం మంచులో బొమ్మల్లా నిలబడి గీతల వైపే చూస్తున్నారు.

రంగు ఆరింది, దాటండని మధుకర్ చేయి ఊపి పిలిచాడు. జనం ఒక అడుగు వెనక్కి వేశారు. మళ్ళీ పిలిచాడు. ఇంకో అడుగు. ఒక నల్ల కోడిపుంజు మాత్రం తీరిగ్గా ఆ చివరి నుంచి ఈ చివరికి నడిచి వచ్చి, అతని ముఖంలోకి చూసి, సందులోకి వెళ్ళిపోయింది. పదికి ఐదు నిమిషాలుంది. నడిచేవాళ్ళ కోసం వేసిన గీతల మీద ఇప్పటిదాకా నడిచింది కోడి ఒక్కటే.

అప్పుడు వినిపించింది, గల్లు గల్లుమని. మంచులోంచి ఎర్ర చీర, తడి జుట్టు, పసుపు రాసిన పాదాలు. మొగుడికి టీ ఫ్లాస్కు తీసుకుని రోహిణి మెట్లు దిగి నేరుగా గీతల మీదికి వచ్చింది. బస్సు డ్రైవరు కళ్ళు మూసుకున్నాడు.

"బిడ్డా, ఆగు!" అని నీలమ్మ అరిచింది.

రోహిణి సరిగ్గా రోడ్డు నడుమ ఆగిపోయింది. ఇటు బస్సు, అటు లారీలు, నడుమ ఆమె. అంతమంది తననే ఎందుకు చూస్తున్నారో తెలియక పట్టీలు కూడా కదలకుండా నిలబడింది. నీలమ్మ ఫుట్‌పాత్ అంచుకు వచ్చింది. గంప ఉండేదీ పోయేదీ తేలే రోజు ఇదేనని ఆమెకు తెలుసు.

"నిజం చెప్పు బిడ్డా. గీ కట్టు ఎవరికి? మనకా, బండ్లకా?"

రోహిణికి ప్రశ్న పూర్తిగా అర్థం కాలేదు గానీ జవాబు తెలుసు. నలభై రోజులుగా అన్నంలో కూరలా ఆ మాటే వింటోంది. "బండ్లకేనండీ. నడిచేవాళ్ళ కోసమే కదా వేసింది."

నీలమ్మ ఒక్క క్షణం ఆలోచించి, గంప నెత్తిన పెట్టుకుని, కళ్ళు మూసుకుని గీత మీద కాలు పెట్టింది. ఏమీ కాలేదు. రెండో కాలు పెట్టింది. ఆ తర్వాత బజారు మొత్తం కదిలింది. గాజుల కొట్టు సక్కుబాయి టవర్ వచ్చాక మొదటిసారిగా ఎదుటి చీరల కొట్టును లోపలి నుంచి చూసింది. నడవడానికి కారణం లేనివాళ్ళు కూడా రెండేసి సార్లు దాటారు.

అదే సమయానికి రామబ్రహ్మంగారి జీపు వచ్చి ఆగింది. పోలీసు లేడు, సిగ్నల్ లేదు. అటూ ఇటూ బండ్లు నోరు మూసుకుని నిలబడితే, నడుమ ముసలమ్మలు కబుర్లాడుకుంటూ నడుస్తున్నారు. ఆయన కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ చూశారు.

"ఎలా చేశావయ్యా?"

మధుకర్ జేబులోని నిమ్మకాయను అరచేత్తో కప్పుకున్నాడు. "ప్రజలకు ముందే చెప్పి ఉంచాం సార్."

ఆయన అక్కడే జీపు బానెట్ మీద కాగితం పెట్టి, ఫుట్‌పాత్ కదిలించవద్దని రాసి సంతకం చేశారు. నీలమ్మ గంప దించింది. పొగమంచు విడిచి టవర్ కనిపించింది. అక్కడ ఆయనకు పదిన్నరకు మీటింగు ఉంది. జీపెక్కి పోనివ్వమన్నారు.

ఆ కట్టు బండ్లకేనని పక్క ఆటోవాళ్ళ నోట అప్పటికే విన్న డ్రైవరు కిష్టయ్య స్టీరింగు మీద నుంచి రెండు చేతులూ తీసేశాడు. "నాకు ఇద్దరు పిల్లలు సార్" అన్నాడు.

వెనక్కి తిప్పుదామంటే వెనక మూడు బస్సులున్నాయి.

ఆ రోజు ఆ బజారులో నడిచినవాళ్ళందరిలోకీ ఎక్కువ దూరం నడిచింది రామబ్రహ్మంగారే.