ఆరుద్ర పురుగుపై ప్రేమమణి దండయాత్ర

గ్రీష్మప్రచండమార్తాండతాపదగ్ధమైన జంటనగరాలపై తొలకరి మేఘసేనలు దండు విడిసి, ఉరుముల భేరీలు మోగించి, వీధివీధినా మోకాటిలోతు నీరు నింపిన రెండువేల పదవ సంవత్సరపు జూన్ మాసాన, జీవశాస్త్రబోధనాధురంధర, సుద్దముక్కాయుధపాణి, బోయిన్‌పల్లి నివాసిని అయిన ప్రేమమణి ఘోరప్రతిజ్ఞ చేసింది. ఎర్ర ముఖమల్ కప్పుకున్న ఆరుద్ర పురుగనేది ఒకటి ఉందని ఆమె చెప్పగా, ఏడో తరగతి మొత్తం పకపకా నవ్వింది. తొలకరికి నాలుగు రోజులు మాత్రమే నేల మీదికి వచ్చే ఆ శనగగింజంత ప్రాణిని ఒంటి నూగుతో సహా గోడంత బొమ్మగా చూపకపోతే, ఇక ఆ తరగతిలో ఆమె మాట చెల్లదు!

తక్షణమే భర్త జకర్యా స్కూటర్ మీద రాంగోపాల్‌పేట్ కెమెరా దుకాణాన్ని ముట్టడించింది. దుకాణాధీశుడు సదాశివ ఎదురొచ్చాడు.

“గీ చిన్న లెన్సు తీస్కోండ్రి మేడమ్. బరువు సుత ఉండది. దగ్గర్కి వోయి కొట్టుడే!”

చాయ్ గ్లాసు అంచున వాలిన ఈగకు ఆమె గురిపెట్టింది. బెత్తెడు దూరానికి చేరేసరికి నీడ పడి ఈగ పలాయనం చిత్తగించింది. పెద్ద లెన్సుతో జానెడు దూరాన నిలిచి కొట్టగా, చేతులు రుద్దుకుంటూ పట్టుబడింది.

“లెన్సు మూతికి గీ రింగు ఫ్లాష్ తొడుగుండ్రి. ఏం పరేషాన్ ఉండది.”

“వద్దండీ. ఎదురుగా వెలుగు కొడితే నూగు కనపడదు. పక్కనుంచి పడాలి.” చేత పట్టుకునే విడి ఫ్లాష్‌ను ఎన్నుకుని రణభూమికి కదిలింది.

మర్నాటి ఉదయం యాప్రాల్ ఖాళీ స్థలంలో, బురదలో బోర్లా పడుకున్న ఆ వీరనారి ఎట్టకేలకు శత్రువును కనుగొంది. ఫ్లాష్ మెరిసింది. హతవిధీ! ఎర్ర ముఖమల్ మీద సున్నం కొట్టినట్టు తెల్లటి మచ్చ!

“ఓ రక్తాంబరధారీ! అష్టపాదవిక్రమా! క్షణకాలం నిలువుము!” అని ప్రేమమణి గర్జించింది.

“అది నిలబడుద్దేమో గానీ నా మోకాళ్ళు నిలబడవు. తొందరగా కొట్టు,” అన్నాడు గొడుగు పట్టిన జకర్యా.

“ఏమండీ, డబ్బాలో ఇడ్లీలకు చుట్టిన గుడ్డ ఇటివ్వండి!”

“మరి ఇడ్లీలు?”

“చేత్తో పట్టుకోండి!”

ఇడ్లీ గుడ్డ కప్పగానే ఫ్లాష్ ఉగ్రతేజం వెన్నెలలా మెత్తబడింది. తొంభై ఒక్క ఫోటోలు తీసింది. కొన్నింటిలో మట్టే స్పష్టం, కొన్నింటిలో పురుగే మాయం. ఒక్కదానిలో మాత్రం ముందుకాలి నూగు పోగుపోగునా నిలిచింది.

సోమవారం అది తరగతి గోడ మీద వెలిగింది. నవ్వులు ఆగిపోయాయి. వెనక బెంచీ లీలాకుమారి చెయ్యెత్తింది.

“టీచర్, మిగిలిన పురుగు మసగ్గుందేంది?”

మిగిలిన పురుగు! అంటే పురుగు ఉన్నట్టే కదా! నాడు నవ్విన శత్రుసేన నోటనే ఒప్పుకోలు విని ప్రేమమణి సుద్దముక్కను ఖడ్గంలా పైకెత్తింది. సకలలోకవాసులారా, వినుడు! ఎనిమిది కాళ్ళలో ఒక కాలు, ఆ కాలిపై గోరంత నూగు నాడు సంపూర్ణంగా జయింపబడినవి.