మూడో పాఠంలో ఉంది

ఆ ఉదయం దర్జీ వేసుకున్న పథకం చాలా చిన్నది. వియ్యంకుడు టీ తాగి గ్లాసు కింద పెట్టగానే, ఆయన భాషలోనే "నాలుగు రోజులుండి వెళ్ళండి" అనాలి. అంతే.

వియ్యంకుడు వడ్రంగి, తెలుగు ముక్క రాదు. భార్య పోయాక ఒంటరివాడయ్యాడు. కూతుర్ని చూడటానికి ఎప్పుడొచ్చినా ఒక్కపూట ఉండి వెళ్ళిపోతాడు. "ఆ ఇంట్లో నాతో మాట్లాడేదెవరమ్మా?" అన్నాడట. ఇప్పుడు కోడలికి నెలలు నిండాయి. కాన్పు దాకా తండ్రి దగ్గరుంటే బాగుండునని ఆ పిల్ల కళ్ళు తుడుచుకోవడం దర్జీ చూశాడు. చూసి ఊరుకోలేక, పేట గ్రంథాలయం మేడమీద ఒక రిటైరైన నర్సమ్మ శనివారాలు చెప్పే భాషా తరగతిలో చేరాడు.

"ఏ మాట ఎక్కడ కావాలో అక్కడ వాడాలండీ. బట్టీ పట్టకండి," అనేది నర్సమ్మ. దర్జీ బుద్ధిగా తలూపి, ఇంటికొచ్చి బట్టీ పట్టేవాడు. ఏడెనిమిదులెంతంటే ఏడొకట్ల దగ్గర్నుంచి అందుకోనిదే చెప్పలేని మనిషి మరి. పాపం, అలవాటు!

ఆ ఉదయం కొడుకూ కోడలూ పరీక్షకని ఆసుపత్రికి వెళ్ళారు. వడ్రంగి గ్లాసు కింద పెట్టాడు. దర్జీ గొంతు సవరించుకుని మొదటి పాఠం ఎత్తుకున్నాడు. "నమస్కారం. బాగున్నారా? ప్రయాణం బాగా జరిగిందా?"

వడ్రంగి మొహం వెలిగిపోయింది. వియ్యంకుడి నోట తన భాష! కుర్చీ ముందుకు జరుపుకున్నాడు. కావలసిన ముక్క మూడో పాఠంలో ఉంది. రెండోది దాటకుండా దర్జీ మూడోదానికి వెళ్ళలేడు. రెండోది రైల్వే స్టేషను.

"మీ రైలు ఎన్నింటికి? టికెట్టు తీసుకున్నారా? సామాను సర్దుకున్నారా? ఆలస్యం చేయకండి."

వడ్రంగి చటుక్కున లేచాడు. దర్జీకి అక్కడితో లంకె తెగింది. ఇక మళ్ళీ మొదటినుంచి అందుకోవాల్సిందే.

"నమస్కారం. బాగున్నారా?" అంటూ సంచి సర్దుకుంటున్న వియ్యంకుడి వెనకాలే తిరిగాడు.

"ఏవండీ, ఏం అన్నారు ఆయన్ని? అలా చిన్నబుచ్చుకున్నారేంటి?" అంది భార్య.

"నేనేం అన్నానే! పాఠం చెప్పానంతే!"

వడ్రంగి దణ్ణం పెట్టి వీధిలోకి వెళ్ళిపోయాడు. కాసేపటికి కొడుకు ఫోన్ చేశాడు.

"నాన్నా, మామయ్యగారు పని పడిందని వెళ్ళిపోతున్నారట. ఇక్కడ ఇది ఒకటే ఏడుపు. ముందు ఆయన్ని ఆపండి!"

"ఆపడం మూడో పాఠంలో ఉందిరా!" అంటూ దర్జీ ఫోన్ కుట్టుమిషను మీదే పడేసి, మెళ్ళో టేపుతోనే పరుగు తీశాడు.

ప్లాట్‌ఫాం మీద వడ్రంగి దొరికాడు. దర్జీ గబుక్కున ఆయన చేతిలోని సంచి లాక్కున్నాడు. "ఉండండి బావగారూ, మీ అమ్మాయి ఏడుస్తోంది!" అన్నాడు, తెలుగులోనే. వడ్రంగికి అర్థమైంది ఒక్కటే, వియ్యంకుడు పాపం సామాను మోయడానికొచ్చాడని. భుజం తట్టి, రైలెక్కి, సంచి కోసం చేతులు చాపాడు. వెనకనుంచి జనం తోస్తున్నారు. దర్జీ సంచి అందించాడు.

కిటికీ దగ్గర నిలబడి, రొప్పుతూ, మళ్ళీ మొదలుపెట్టాడు. నమస్కారం అయింది. ప్రయాణం అయింది. రైలు, టికెట్టు, సామాను. ఈసారి వడ్రంగి ఒక్కోదానికీ నవ్వుతూ జవాబు చెప్పాడు. ఇద్దరూ ఇన్నేళ్ళలో మాట్లాడుకున్నది అదే మొదటిసారి. దర్జీ కళ్ళు చెమ్మగిల్లాయి. "ఆలస్యం చేయకండి" దగ్గరికి రాగానే రైలు కదిలింది.

చివరి పెట్టె దాటిపోతుండగా, ఖాళీ పట్టాల వైపు తిరిగి దర్జీ గట్టిగా అన్నాడు. "ఇది మీ ఇల్లే అనుకోండి. నాలుగు రోజులుండి వెళ్ళండి."

ఒక్క తప్పూ దొర్లలేదు.